డగౌట్‌లో పెద్దాయన

క్రికెట్ కోచ్ ట్రాక్‌సూట్ వేసుకుని బౌండరీ అవతల కూర్చుంటాడు. ఫుట్‌బాల్ కోచ్ గీత పక్కన నిలబడి గొంతు చించుకుంటాడు. బేస్‌బాల్‌లో ఆనవాయితీ వేరు. జట్టును నడిపే మేనేజర్ వయసు ఎంతైనా, మోకాళ్లు ఎంత అరిగినా, కుర్రాళ్లతో పాటు తానూ అదే యూనిఫాం తొడిగి, అదే టోపీ పెట్టుకుని డగౌట్‌లో కూర్చోవాలి. బ్యాటు పట్టేది లేదు, బంతి విసిరేది లేదు. ఎవరు ఏ వరసలో దిగాలో రాసిస్తాడు. పిచర్ చెయ్యి అలిసిందని తోస్తే మెట్లెక్కి, మైదానం మధ్యనున్న మట్టి దిబ్బ దాకా నడిచి వెళ్లి చెయ్యి చాపుతాడు. ఎంతటి పిచరైనా బంతిని ఆ చేతిలో పెట్టి పక్కకు తప్పుకోవలసిందే. మన ఆటలో బౌలర్‌ను మార్చేది మైదానంలో ఉన్న కెప్టెన్. అక్కడ ఆ అధికారం, దాంతో పాటు ఆ నింద, ఈ పెద్దాయనవే.

2023లో టెక్సాస్ రేంజర్స్ అభిమానులు వసంతం నుంచి నవంబరు దాకా చూసిన నడక బ్రూస్ బోచీది. ఆయనకప్పుడు 68 ఏళ్లు. ఒకప్పటి క్యాచర్ కనుక గొంతుక్కూర్చుని గొంతుక్కూర్చుని అరిగిన కీళ్లు. తొందర లేని, కాస్త ఊగే నడక. ఆ ఏడాదే బేస్‌బాల్‌లో గడియారం ప్రవేశించింది. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో, రన్నర్లుంటే 20 సెకన్లలో పిచర్ బంతి వేసెయ్యాలి. ఆటంతా పరుగందుకున్న సంవత్సరంలో, మూడేళ్లు ఇంటిపట్టున ఉన్న ఒక నెమ్మదస్తుణ్ని పిలిచి జట్టు అప్పగించడం చాలామందికి వింతగానే తోచింది.

అసలు రేంజర్స్ కథ వింటే ఎవరికైనా జాలేస్తుంది. 1961లో వాషింగ్టన్‌లో సెనేటర్స్ పేరుతో పుట్టిన జట్టు అది. 1972లో డాలస్, ఫోర్ట్‌వర్త్ నగరాల మధ్యనున్న ఆర్లింగ్టన్‌కు తరలి వచ్చింది. దాదాపు అర్ధ శతాబ్దం పాటు, ఛాంపియన్‌ను తేల్చే ఆఖరి పోరైన వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు. 2010లో తొక్కింది, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ చేతిలో ఓడింది. 2011లో మళ్లీ తొక్కింది. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో ఆరో ఆటలో ఇంకొక్క స్ట్రయిక్ పడితే కప్పు వాళ్లదే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆ స్ట్రయిక్ పడలేదు. పదో ఇన్నింగ్స్‌లో మళ్లీ అంత దగ్గరికి వచ్చింది, అప్పుడూ పడలేదు. ఏడో ఆటతో కథ ముగిసింది. ఆ రాత్రి గురించి ఆర్లింగ్టన్‌లో ఇప్పటికీ ఎవరూ సరదాగా మాట్లాడుకోరు.

2010లో రేంజర్స్‌ను వాళ్ల సొంత ఊళ్లోనే ఓడించి కప్పు పట్టుకుపోయిన జెయింట్స్ మేనేజర్ ఎవరనుకున్నారు? ఈ బోచీయే. ఆ తరవాత 2012, 2014లలో మరో రెండు కప్పులు అందుకుని, 2019 సీజన్ ముగిశాక తప్పుకున్నారు. తండ్రి అమెరికా సైన్యంలో పనిచేస్తుండగా ఫ్రాన్స్‌లో పుట్టినవాడు కనుక, ఆ దేశపు జట్టుకు వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ అర్హత పోటీల్లో కొద్దిరోజులు మేనేజర్‌గా ఉన్నారు. అంతే, అది తప్ప మరే జట్టునూ నడపలేదు.

ఇటు రేంజర్స్ 2021లో 102 ఆటలు ఓడింది. ఆ చలికాలంలో యజమానులు సంచి మూతి విప్పారు. షార్ట్‌స్టాప్ కోరీ సీగర్‌కు పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు, సెకండ్ బేస్‌మన్ మార్కస్ సిమియన్‌కు ఏడేళ్లకు 17.5 కోట్ల డాలర్లు. ఇద్దరికే అర బిలియన్! అయినా 2022లో 94 ఓటములు. ఆగస్టులో మేనేజర్ క్రిస్ వుడ్‌వర్డ్‌ను సాగనంపారు. కొద్దిరోజులకే జట్టు వ్యవహారాలు చూసే పెద్ద అధికారి ఉద్యోగమూ పోయింది. పగ్గాలు క్రిస్ యంగ్ చేతికొచ్చాయి. యంగ్ ఆరడుగుల పది అంగుళాల మాజీ పిచర్. 2006లో శాన్ డియేగోలో బోచీ కిందే ఆడాడు. పాత గురువు దగ్గరికి వెళ్లి కూర్చుని మాట్లాడి ఒప్పించాడు. అక్టోబరులో మూడేళ్ల ఒప్పందం కుదిరింది.

కనుక ఇది ఏమీ లేని జట్టును ఒక మహానుభావుడు వచ్చి ఉద్ధరించిన కథ కాదు. డబ్బు దండిగా పోసిన జట్టు. కాకపోతే డబ్బు పోయగానే గెలుపు రాదని అంతకుముందు ఏడాదే రుజువైంది. ఆ సత్యం బోచీ వచ్చాక మరోసారి రుజువైంది. ఐదేళ్లకు 18.5 కోట్ల డాలర్లిచ్చి తెచ్చిన మేటి పిచర్ జేకబ్ డిగ్రామ్ ఆరంటే ఆరు ఆటలు మొదలుపెట్టాడు. ఏప్రిల్ చివర మోచెయ్యి పట్టేసింది, జూన్‌లో శస్త్రచికిత్స. ఆ సీజన్‌కు అతని పని అయిపోయింది.

అలాంటప్పుడు కొత్తగా వచ్చిన అధికారి ఏం చేస్తాడు? మన అనుభవంలోని కొత్త అధికారులు కుర్చీలో కూర్చున్న మరునాడే గదులు మారుస్తారు, మనుషుల్ని మారుస్తారు, పాత ఫైళ్లన్నీ తప్పులేనని తేలుస్తారు. బోచీ పద్ధతి అది కాదు. ఆ ఏడాది ఆయన మీద వచ్చిన కథనాలన్నిటిలో కనిపించే మాట ఒక్కటే: మనిషి కంగారు పడడు. నెగ్గిన రాత్రీ ఓడిన రాత్రీ ఒకటే ముఖం. బేస్‌బాల్‌లో ఇది పెద్ద సంగతే. రెగ్యులర్ సీజన్‌లో 162 ఆటలు. ఇంచుమించు ఆర్నెల్లు, వారానికి ఆరేసి రోజులు ఆట. ఎంత గొప్ప జట్టయినా 40 ఆటలు ఓడకుండా బయటపడదు. ప్రతి ఓటమికీ ఒక దోషిని వెతికి పట్టుకునే మేనేజర్ దగ్గర జూన్ వచ్చేసరికి డగౌట్‌లో అందరూ దోషులే మిగులుతారు.

రేంజర్స్ బలహీనత లోకమంతటికీ తెలుసు. బుల్‌పెన్. అంటే, మొదలుపెట్టిన పిచర్ అలిశాక వచ్చి ఆధిక్యం కాపాడవలసిన సహాయ పిచర్ల బృందం. ఆ సీజన్‌లో వాళ్లు కాపాడిన ఆటలు 30, కాపాడే అవకాశం చేజార్చినవి 33. గెలిచినట్టే అనుకుని అభిమానులు లేచి కారు తాళాలు వెతుక్కుంటుండగా ఆట తలకిందులైన రాత్రులెన్నో. అయినా పరుగుల వరదతో జట్టు సీజన్‌లో ఎక్కువ కాలం తన డివిజన్‌లో ముందే ఉంది. ఆగస్టులో వరసగా ఎనిమిది ఆటలు ఓడింది. సెప్టెంబరు మొదట్లో అదే రాష్ట్రపు ప్రత్యర్థి హ్యూస్టన్ ఆస్ట్రోస్ ఆర్లింగ్టన్‌కే వచ్చి మూడు రోజుల్లో మూడు ఆటలు గెలుచుకుపోయింది. మొత్తం పరుగులు 39–10. ఇది ఓటమి కాదు, పరాభవం. టీవీ చర్చల్లో జట్టుకు అప్పుడే తద్దినం పెట్టేశారు.

అక్టోబరు 1, సీజన్ ఆఖరి రోజు. ఒక్క ఆట నెగ్గితే డివిజన్ వాళ్లది, నాలుగైదు రోజుల విశ్రాంతి కూడా. సియాటిల్‌లో 1–0 తేడాతో ఓడారు. ఆస్ట్రోస్ గెలిచింది. ఇద్దరికీ 90 విజయాలే, కానీ ముఖాముఖి లెక్కలో డివిజన్ ఆస్ట్రోస్‌కు వెళ్లిపోయింది. రేంజర్స్ ఇంటికి కూడా వెళ్లకుండా, ఒక మూల నుంచి దేశం రెండో మూలకు, టాంపాకు విమానమెక్కింది. ఎల్లుండే నాకౌట్. ఇంతకంటే నీరసంగా అక్టోబరులోకి అడుగుపెట్టే జట్టు ఉండదు.

తరవాతి నెల సంగతులు స్కోరు పుస్తకంలో ఉన్నాయి. టాంపా బే జట్టు మీద రెండుకు రెండు. 101 విజయాల బాల్టిమోర్ ఓరియోల్స్ మీద మూడుకు మూడు. (బేస్‌బాల్ రచయితలు ఆ ఏడాది అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్‌గా ఎన్నుకున్నది ఆ ఓరియోల్స్ మేనేజర్ బ్రాండన్ హైడ్‌నే. ఓట్లు ప్లేఆఫ్‌లకు ముందే పడిపోతాయి. బోచీ రెండో స్థానం.) ఆ పైన మళ్లీ అదే ఆస్ట్రోస్, ఏడు ఆటల పోరు.

ఇక్కడ కొంచెం ఆగాలి. మేనేజర్ అనేవాడి విలువ ఏమిటో ఆ ఏడాది మొత్తం మీద ఇక్కడే బాగా కనబడుతుంది. ఐదో ఆట ఆర్లింగ్టన్‌లో. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ 4–2తో ముందుంది. దిబ్బ మీద హోసే లెక్లర్క్. హ్యూస్టన్ చిచ్చరపిడుగు హోసే అల్టూవే మూడు పరుగుల హోంరన్ కొట్టాడు. 5–4, ఆట పోయింది. సిరీస్‌లో 3–2తో వెనకబడి హ్యూస్టన్ వెళ్లాలి, అక్కడ ఒక్కటి ఓడినా సెలవు. మొన్న ముంచినవాణ్ని మళ్లీ ఎవరు పిలుస్తారు? బోచీ పిలిచారు. ఆరో ఆట ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, ఉత్కంఠ నడుమ, మళ్లీ అదే లెక్లర్క్. బేస్‌లు నిండిపోయాయి కూడా. టీవీల ముందు ఎంతమంది ఎన్ని తిట్టుకున్నారో! ఆఖరికి బ్యాటర్‌ను స్ట్రయికవుట్ చేసి బయటపడ్డాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అడోలిస్ గార్సియా గ్రాండ్‌స్లామ్, అంటే నాలుగు పరుగుల హోంరన్, కొట్టాడు. మరునాడు ఏడో ఆట 11–4.

మొన్న ఆట పోగొట్టినవాడికి నేడు బంతి ఇవ్వడం జాలి కాదు. ఉన్న పిచర్లలో ఆ పనికి పనికొచ్చేవాడు అతడేనని ఏప్రిల్ నుంచి చూసి తేల్చుకున్న లెక్క అది. ఒక రాత్రి హోంరన్ పడినంత మాత్రాన ఆ లెక్క మారలేదు. గణాంకాల గదిలో కూర్చున్నవాళ్లు ఎన్ని పట్టికలిచ్చినా, చెయ్యి చాపి బంతి అందుకునే వేళ, అందించే వేళ నిర్ణయం ఒంటరిగా ఒకరిదే. అది తప్పితే పత్రికలు చీల్చి చెండాడేవి. ఆ అవకాశం కూడా నిండుగా ఉండింది.

వరల్డ్ సిరీస్ అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌తో. తొలి ఆటలో ఓటమి అంచున తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సీగర్ రెండు పరుగుల హోంరన్‌తో సమం చేశాడు, పదకొండులో గార్సియా ముగించాడు. రెండోది ఓడారు. మూడో ఆటలో గార్సియా గాయపడ్డాడు, మేటి పిచర్ మ్యాక్స్ షెర్జర్ వెన్ను పట్టేసింది. ఇద్దరూ మళ్లీ దిగలేదు. అయినా ఫీనిక్స్‌లో మూడుకు మూడు ఆటలూ రేంజర్స్‌వే. నవంబరు 1న 5–0 విజయం. చివరి ఏడు అవుట్లు తీసింది జాష్ స్బోర్జ్, సీజన్‌లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఐదున్నర పరుగులిచ్చిన పిచర్. ఆ ప్లేఆఫ్‌లలో జట్టు బయటి ఊళ్లలో పదకొండు ఆటలాడి పదకొండూ గెలిచింది. సొంత గడ్డ మీద ఆరింటిలో నాలుగు ఓడింది! 63వ సీజన్‌లో తొలి కప్పు. పదమూడేళ్ల కిందట అదే తేదీన ఆర్లింగ్టన్‌లో వాళ్లను ఓడించిన మనిషే ఇప్పుడు దాన్ని వాళ్ల చేతిలో పెట్టాడు.

డాలస్ పరిసరాల్లో, ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోలలో మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. ఆ వేసవిలోనే ఆర్లింగ్టన్‌కు కొద్ది మైళ్ల దూరంలోని గ్రాండ్ ప్రెయిరీలో ఒక పాత బేస్‌బాల్ మైదానాన్ని క్రికెట్ స్టేడియంగా మార్చి మేజర్ లీగ్ క్రికెట్ మొదలుపెట్టారు. మనవాళ్లు సహజంగానే అటు మొగ్గు చూపుతారు, తప్పు పట్టలేం. కానీ పిల్లలు అక్కడి బడుల్లో బేస్‌బాల్ కబుర్లు వింటూ పెరుగుతారు. వాళ్ల వెంట జూన్ నెలలో ఒక మామూలు మంగళవారం, ఏ పాయింట్ల పట్టికనూ పెద్దగా మార్చని ఒక ఆటకు వెళ్లి చూస్తే బాగుంటుంది. కప్పు అందుకునే రాత్రి ఎవరైనా చూస్తారు. మేనేజర్ పని తెలిసేది ఆ మంగళవారాల్లోనే.

ఇక కొసరు. 2024లో ఇదే బోచీ, ఇంచుమించు ఇదే జట్టు: 78 గెలుపులు, 84 ఓటములు. 2025లో 81, 81. సీజన్ ముగియగానే ఇరుపక్షాలూ మాట్లాడుకుని విడిపోయాయి. బోచీ సలహాదారుగా జెయింట్స్ గూటికి తిరిగి చేరారు. 2023 ఆయన ఒక్కడి ఘనత అన్నవాళ్లు ఈ రెండేళ్లకు జవాబు చెప్పలేరు. అదంతా అదృష్టం అన్నవాళ్లు నాలుగు కప్పులకు జవాబు చెప్పలేరు. రేంజర్స్‌కు ఇప్పుడు స్కిప్ షూమేకర్ కొత్త మేనేజర్. ఆయన తొలి ఓటమికే తీర్పులు రాయడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. కనీసం ఒక ఆగస్టు దాటేదాకా ఆయనకు గడువివ్వండి.