సంభాషణకు తూనికరాయి పొరుగువాడే

శంషాబాద్ విమానాశ్రయం నుంచి తెలుగువారు బతుకుతెరువు కోసం దుబాయ్, దోహా, రియాద్, జెద్దాలకు వెళ్తూనే ఉన్నారు. వారిలో మన సంఘాల బిడ్డలూ ఉన్నారు. అందుచేత గల్ఫ్ పాలకులు జరిపే మత సంభాషణ మనకు దూరపు వార్త కాదు.

2001 సెప్టెంబరు దాడుల తరువాత ఇస్లాం పట్ల లోకంలో భయం పెరిగింది. దాన్ని తగ్గించడానికి కొన్ని ముస్లిం దేశాలు మత సంభాషణను దౌత్యంగా చేపట్టాయి. 2004లో జోర్డాన్ అమ్మాన్ సందేశాన్ని ప్రకటించింది. 2007లో 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ నాయకులకు బహిరంగ లేఖ రాసి, దైవప్రేమ, పొరుగువాని ప్రేమ ఇరువురికీ ఉమ్మడి పునాది అన్నారు. 2012లో సౌదీ చొరవతో వియన్నాలో సంభాషణ కేంద్రం వెలసింది. 2019 ఫిబ్రవరిలో అబుదాబిలో పోప్ ఫ్రాన్సిస్, అల్-అజ్హర్ ఇమామ్ అహ్మద్ అల్-తయ్యిబ్ మానవ సహోదరత్వ పత్రంపై సంతకాలు చేశారు.

ఇదంతా పేరు కోసమేనని కొట్టిపారేయడం తేలిక. పేరు మీద ఆశ ఉన్నమాట నిజమే. అయినా లోకం ముందు ఇచ్చిన మాట, రేపు ఇచ్చినవారినే నిలదీస్తుంది. అబుదాబిలో, దోహాలో మన విశ్వాసులు చర్చిలో ఆరాధిస్తున్నారు. సౌదీలో మాత్రం ఒక్క చర్చి కూడా లేదు. వియన్నాలో పలికిన మాట రియాద్‌లో తెలుగు కూలీ ఉండే గది వరకు చేరాలి. ఈ మాట ద్వేషంతో కాదు, వారి లేఖనే చేతబట్టుకొని అడగాలి.

ప్రియులారా, అదే తూనిక మనకూ వర్తిస్తుంది. విమానాశ్రయం నుంచి నగరానికి వచ్చే దారిలో, శివరాంపల్లిలో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ముస్లింల మధ్య సువార్త పనికి సేవకులను సిద్ధపరచడానికి 1930లో లాహోర్‌లో స్థాపించిన సంస్థ అది; 1971లో హైదరాబాద్‌కు వచ్చింది. 1990 అల్లర్ల తరువాత పాతబస్తీలో హిందూ, ముస్లిం కుటుంబాల మధ్య సమాధానపు పని చేపట్టింది. పిల్లల చదువు, స్త్రీలకు చేతిపని శిక్షణ వంటి పనులు అందులో భాగం. దాని వెనుక ఏ రాజ్య ప్రతిష్ఠా లేదు. పొరుగువారు పొరుగువారిగా బతకాలన్నదే లక్ష్యం.

మన వాట్సాప్ గ్రూపుల్లో ముస్లింల మీద వచ్చే ప్రతి మాటనూ పరీక్షించకుండా పంపుతున్నామా? అయితే తొమ్మిదవ ఆజ్ఞను మీరుతున్నాం. మన మీద వచ్చే అబద్ధపు నిందల బాధ మనకు తెలియనిదా? రియాద్‌లో ఉన్న మన బిడ్డకు న్యాయం కోరే సంఘం, ముందు మన వీధిలోని ముస్లిం కుటుంబానికి న్యాయం చేయాలి. ఈసారి అలాంటి మాట చెవిన పడితే పంపకండి. వారి గుమ్మం తట్టి, వారినే అడగండి.