బోదకాలు మాత్ర – ఓ ఇల్లాలి నిరీక్షణ



మా సంతబొమ్మాళిలో ఆ మధ్య ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ డీఈసీ మాత్రలు తెచ్చింది. అవేనండీ, బోదకాలు మాత్రలు. "వాపు నేదు, నొప్పి నేదు, నాకీ మాత్రేటికమ్మా?" అంది పక్కింటి పిన్ని.

"దోమకాటుతో చేరిన పురుగు ఏళ్ళ తరబడి ఒంట్లో దాక్కుంటుంది పిన్నీ, కాలు వాచాక ఏం లాభం?" అని నచ్చజెప్పి, అన్నం తిన్నాక మింగించాను. గర్భిణులకూ, రెండేళ్ళలోపు పిల్లలకూ, జబ్బుతో మంచాన పడ్డవాళ్ళకూ మాత్రం ఇది ఇవ్వకూడదు సుమండీ!

ఈ మందు మనకిచ్చింది ఎవరనుకున్నారు? మన తెలుగాయనే! 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1929లో ఫిస్కే గారితో కలిసి, ఒంట్లోని కణాలకు శక్తినిచ్చే ఏటీపీని లోకానికి చూపించారు. అయినా హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. గర్భిణులకిచ్చే ఫోలిక్ యాసిడ్ తయారీ, 1947లో ఈ బోదకాలు మందు, అన్నీ ఆయన నడిపించిన పరిశోధనల ఫలితమే. అక్కడే పుట్టిన ఆరియోమైసిన్ మందుకి పేరు మాత్రం డగ్గర్ గారికి వెళ్ళింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే సుబ్బారావు గారు కన్నుమూశారు. మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది 1995లో.

పాపం, రావలసినంత పేరు రాలేదని అందరూ ఆయన గురించే బాధపడతారు. నాకు మాత్రం ఆయన భార్య శేషగిరి గారే గుర్తొస్తారు. 1919లో పెళ్ళి. అల్లుడి డాక్టరు చదువుకి సాయం చేసింది ఆమె తండ్రే. 1923లో భర్త అమెరికా వెళ్ళేనాటికి ఆమె గర్భవతి. పుట్టిన బాబు పసితనంలోనే పోయాడు. తండ్రి వాడి ముఖమైనా చూడలేదు. భర్త మళ్ళీ తిరిగి రానే లేదు. 25 ఏళ్ళండీ!

ఇదంతా విని పిన్ని, "ఆయనకి బిళ్ళేసినారు సరే, ఆ యిల్లాలికేటిచ్చినారమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మన ఉద్దానంలోనూ భర్త పొట్టకూటికి దూరం పోతే, పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఒక్కచేత్తో సాకే ఆడవాళ్ళు ఎందరో! అలాంటి ఇల్లు మీ వీధిలో ఉంటే ఈ వారం ఒకసారి వెళ్ళి పలకరించండి. మీదే అలాంటి ఇల్లయితే, ఆయనకి రాసే ఉత్తరంలో 'ఇక్కడంతా క్షేమం'తో ఆపేయకుండా మీ కష్టం కూడా రెండు ముక్కలు రాయండి. చెప్పకపోతే ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఉంటాను మరి!