పాత ల్యాప్‌టాప్‌కు కొత్త కొలువు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు ముగిసింది. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. అన్నయ్య వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌తోనో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదానితోనో నెట్టుకొస్తున్న శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు ఇది చిన్న విషయం కాదు. ‘కొత్తది కొనాల్సిందేనా? ఇంట్లో ఎలా అడగాలి?’ అని మథనపడేవాళ్లు ముందు ఒక పని చేయండి. ఆ పాత మెషిన్‌లో లినక్స్ నడిపి చూడండి.

1991లో హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన పీసీ కోసం మొదలుపెట్టిన కెర్నలే నేడు మన ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది. 2017 నవంబరు నుంచి ప్రపంచ టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ దీనిమీదే నడుస్తున్నాయి. రేపు మీరు చేరబోయే కంపెనీ సర్వర్లలోనూ ఇదే ఉండే అవకాశం ఎక్కువ. మన దగ్గర మాత్రం డెడ్‌లాక్, షెడ్యూలింగ్ బట్టీపట్టి, కమాండ్లు రికార్డులో రాసి పాసైపోతున్నాం. ‘8080 పోర్టును ఏ ప్రాసెస్ వాడుతోందో ఎలా కనుక్కుంటారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. ఒడ్డున కూర్చుంటే ఈత రాదు కదా!

భయం అక్కర్లేదు, మెట్టు మెట్టుగా వెళ్లొచ్చు. మొదట 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు గానీ, లినక్స్ మింట్ గానీ వేసి, హార్డ్‌డిస్క్‌ను ముట్టకుండానే నడపండి. వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో చూసుకోండి. ర్యామ్ తక్కువైతే లుబుంటు, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికవి మేలు. మెషిన్ కొత్తదైతే వర్చువల్‌బాక్స్, డబ్ల్యూఎస్‌ఎల్ ఉన్నాయి. విండోస్ పక్కనే లినక్స్ వేసే డ్యూయల్ బూట్‌కు వెళ్లేముందు మాత్రం ఫైళ్లన్నీ బ్యాకప్ తీసుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. పార్టిషన్ దగ్గర తొందరపడితే ప్రాజెక్టు మొత్తం గల్లంతే.

ఇంకో మాట. ట్యాలీకి, కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లకు విండోస్ తప్పదు. కాబట్టి ప్లేస్‌మెంట్లు అయ్యేదాకా దాన్ని పూర్తిగా తీసేయకండి.

లినక్స్ వేసుకున్నంత మాత్రాన ఉద్యోగం రాదు. రోజూ అందులోనే పనిచేయాలి. ఫైల్ పర్మిషన్లు, ప్రాసెస్‌లు, ఎస్‌ఎస్‌హెచ్, షెల్ స్క్రిప్ట్, గిట్ చేతికి అలవాటు కావాలి. మీ ప్రాజెక్టును మీ మెషిన్‌పైనే సర్వర్‌లా నడిపి, ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టండి. రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో ఆప్షన్లు ఉండవు, సిస్టమ్ మీద పని చేసి చూపించాలి. ఇంట్లో సాధన లేకుండా కోచింగ్‌కు వేలు పోయడం దండగ.

ఇంగ్లిష్ అంటే బెరుకున్నవాళ్లకూ ఇక్కడ దారుంది. 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. గ్నోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటివాటి తెలుగు అనువాదాల్లో ఎవరైనా చేయి వేయొచ్చు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన నేల మనది. మనకిది కొత్త పనేం కాదు, పైగా రెజ్యూమెలో నిజాయతీగా రాసుకోదగ్గ పని.

కాలేజీలూ ఒక అడుగు వేయాలి. ఎచ్చెర్ల ట్రిపుల్‌ఐటీ, అంబేడ్కర్ యూనివర్సిటీ, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ మొదలు రాజాం, టెక్కలి కాలేజీల దాకా ల్యాబులున్నాయి. నెలకో శనివారం వాటిని తెరిచి, సీనియర్లతో జూనియర్లకు ఇన్‌స్టాల్ చేయిస్తే పెద్ద ఖర్చేం కాదు. ఉద్యోగం కోసం విశాఖో, హైదరాబాదో బస్సెక్కడం ఎలాగూ తప్పకపోవచ్చు. పని నేర్చుకునే ఎక్కితే ధీమా వేరు.