సిమ్ పట్టని ట్యాబ్ కోసం ఎందుకింత ఎదురుచూపు?

జనవరి వచ్చిందంటే టెక్ లోకంలో పందేలు మొదలవుతాయి. మా వైపు కోడిపందేల సీజన్ కూడా ఇదే కాబట్టి పోలిక బాగానే కుదిరింది. ఒక బరిలో శాంసంగ్ గెలాక్సీ ఎస్26 మీద అంచనాలు. ఇంకో బరిలో మడతపెట్టే ఐఫోన్ ఈ ఏడాదైనా వస్తుందా రాదా అన్న వాదన. ఆ పక్కనే వన్‌ప్లస్, షావోమీ, లెనోవో కొత్త ట్యాబ్‌ల లీకులు. చిప్ ఏంటి, ఎన్ని హెర్ట్జ్ డిస్‌ప్లే, ఎంత పల్చగా ఉంటుంది, ఏ కంపెనీ ఏ కంపెనీని కొడుతుంది... ఇంకా డబ్బాలోకి కూడా చేరని వస్తువు మీద మనం చేసే వాదనలు వింటే కోర్టు లాయర్లు కూడా నోరెళ్లబెడతారు. లీకులంటే నాకూ ఇష్టమే, రోజూ చదువుతాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కాకపోతే నాతవరంలో కూర్చుని చదువుతుంటే ఒక విషయం గుచ్చుకుంటుంది. ట్యాబ్ లీకుల్లో ప్రాసెసర్ పేరు ఉంటుంది, కెమెరా బంప్ ఫోటో ఉంటుంది, రంగుల పేర్లు కూడా ఉంటాయి. మా ఊళ్లో ఎవరైనా మొదట అడిగే ప్రశ్నకు మాత్రం జవాబు ఉండదు. "ఇందులో సిమ్ పడుతుందా?"

మా వీధిలో ఒక అమ్మాయి టెట్, డీఎస్సీ కోసం ప్రిపేర్ అవుతోంది. మెటీరియల్ అంతా పీడీఎఫ్‌లే. క్లాసులు యూట్యూబ్‌లో, మాక్ టెస్టులు యాప్‌లో. ఆరున్నర అంగుళాల ఫోన్‌లో రెండు కాలమ్‌ల పీడీఎఫ్ జూమ్ చేసుకుంటూ చదివితే కళ్లు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. వాళ్ల నాన్న తాండవ ఆయకట్టు కింద వరి పండిస్తారు. ధాన్యం డబ్బులు రాగానే ట్యాబ్ కోసం 18 వేలు పక్కన పెట్టారు. ఫోన్ల గురించి రాస్తానని తెలుసు కాబట్టి నన్ను అడిగారు: "కొత్తవేటో వస్తన్నాయంట కదా బాబూ, ఆగమంటావా, కొనీమంటావా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. మా ఊళ్లో ఒక్కరి ప్రశ్న కాదిది. లీకులు చదివే ప్రతి రెండో మనిషి అడిగేది ఇదే.

సిమ్ స్లాట్ ఖరీదు ఎంత?

ముందు లెక్కలు చూద్దాం. 2025 జూన్‌లో వచ్చిన రెడ్‌మీ ప్యాడ్ 2 వైఫై మోడల్ లాంచ్ ధర రూ.13,999. సిమ్ పట్టేది రూ.15,999. ఆ తర్వాతి నెలలో వచ్చిన వన్‌ప్లస్ ప్యాడ్ లైట్ వైఫై రూ.15,999, ఎల్‌టీఈ రూ.17,999. రెండింట్లోనూ సిమ్ కోసం అదనంగా కట్టేది రెండు వేలు. అది కూడా మొత్తం సిమ్‌కే కాదు, పై మోడల్‌లో ర్యామ్ కూడా కాస్త ఎక్కువ ఇచ్చారు.

ఇప్పుడు ఆపిల్ సంగతి. 2025 మార్చిలో వచ్చిన మామూలు ఐప్యాడ్, ఏ16 చిప్‌ది, వైఫై అయితే రూ.34,900. సెల్యులార్ అయితే రూ.49,900. తేడా అక్షరాలా 15 వేలు. అంటే ఐప్యాడ్‌లో సెల్యులార్ సౌకర్యం కోసం కట్టే డబ్బుతో సిమ్ పట్టే రెడ్‌మీ ప్యాడ్ 2 దాదాపు కొనేయొచ్చు. పైగా ఐప్యాడ్‌లలో జీపీఎస్ కూడా సెల్యులార్ మోడళ్లకే ఉంటుంది. ఈ సంగతి కొన్నాక తెలుసుకునేవాళ్లే ఎక్కువ.

ఇంకా పైకి వెళ్తే వన్‌ప్లస్ ప్యాడ్ 3. 2025 జూన్‌లో ప్రకటించారు, మన దేశంలో అమ్మకాలు మొదలయ్యింది సెప్టెంబర్ 5న, ప్రారంభ ధర రూ.47,999. ఆ మూడు నెలలూ దాని మీద ఎంత చర్చ జరిగిందో గుర్తుంది కదా? స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్, 13.2 అంగుళాల స్క్రీన్, ఐప్యాడ్‌కి గట్టి పోటీ. అన్నీ నిజమే, మంచి ట్యాబ్. సిమ్ మాత్రం లేదు. దాదాపు 48 వేలు పెట్టి కొన్న వస్తువు ఇంటి గేటు దాటితే ఇంకో ఫోన్ మీద ఆధారపడాలి.

"హాట్‌స్పాట్ పెట్టుకోరాదా?"

ఈ మాట అనగానే వచ్చే జవాబు ఇదే. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్న మిత్రులు వెంటనే అంటారు. వాళ్లకది సరిపోతుంది. ఇంట్లో వైఫై, ఆఫీసులో వైఫై, మధ్యలో మెట్రో ఎక్కినప్పుడు జేబులో ఫోన్. ట్యాబ్‌కి వేరే సిమ్ దండగ. ఒప్పుకుంటాను.

పల్లెటూళ్లో లెక్క వేరు. చాలా ఇళ్లలో డేటా ప్యాక్ వేసిన స్మార్ట్‌ఫోన్ ఒక్కటే ఉంటుంది, అది ఉదయం ఆరింటికి ఇంటాయనతో పాటు పొలానికి వెళ్లిపోతుంది. పిల్ల చదువుకునే టైముకి హాట్‌స్పాట్ పొలం గట్టు మీద ఉంటుంది. ఫోన్ ఇంట్లోనే ఉన్నా, రోజుకి 1.5 జీబీ ప్యాక్‌లో రెండు క్లాసులు చూస్తే సాయంత్రానికి డేటా అయిపోతుంది. ఇక హాట్‌స్పాట్ పెట్టిన ఫోన్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో మీకు తెలియంది కాదు.

రెండో సిమ్ అంటే రెండో రీఛార్జ్ కదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. 2024 జూలైలో టారిఫ్‌లు పెరిగాక రోజుకి 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల జియో ప్యాక్ 239 నుంచి 299 అయింది. అపరిమిత 5జీ కావాలంటే రోజుకి 2 జీబీ ప్యాక్, ఆ పైవి తీసుకోవాల్సిందే. కాబట్టి ట్యాబ్‌లో సిమ్ వేస్తే నెల నెలా ఖర్చే. కానీ సిమ్ స్లాట్ ఉంటే అది మన ఇష్టం. పరీక్ష నెలల్లో వేసుకుంటాం, మిగతా నెలల్లో తీసేస్తాం. స్లాట్ లేకపోతే ఇష్టమన్న మాటే లేదు. తర్వాత ఎంత డబ్బు పెట్టినా అది రాదు.

స్కూల్ ట్యాబ్‌ల సంగతి ఇక్కడ గుర్తుచేయాలి. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా శాంసంగ్ ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ఏడాది తర్వాత రెండో విడత మాకు దగ్గర్లోనే, నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కితే వచ్చే చింతపల్లిలో ప్రారంభించారు. ఆ పథకం మీద రాజకీయ చర్చ ఎంతో జరిగింది, దాని జోలికి నేను పోను. గాడ్జెట్ కోణంలో చూస్తే అందులో ఒక మంచి నిర్ణయం ఉంది. పాఠాలు ముందే లోడ్ చేసి ఇచ్చారు, నెట్ లేకపోయినా తెరుచుకునేలా. మొదటి విడతలో ఇచ్చిన గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ స్పెసిఫికేషన్లు చూస్తే రివ్యూవర్లు పెదవి విరుస్తారు. 8.7 అంగుళాల స్క్రీన్, హీలియో పీ22టీ చిప్, 3 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 14తో ఆగిపోయిన అప్‌డేట్లు. అయినా చింతపల్లి కొండల్లో ఇంటర్నెట్ ఉండదన్న ఆలోచనతో సిద్ధం చేసిన వస్తువది. ఫ్లాగ్‌షిప్ ట్యాబ్‌లు తయారుచేసేవాళ్లకు ఆ ఆలోచన ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

ఆగితే ఏమొస్తుంది?

ఇక రెండో ముక్క, ఆగడం. మన తెలుగు రాష్ట్రాలకి ఈ ఎదురుచూపుల చరిత్ర బాగానే ఉంది. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఆకాశ్ ట్యాబ్ విడుదల చేశారు. డేటావిండ్ కంపెనీది, అసెంబుల్ చేసింది హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్. ప్రపంచంలోనే చవకైన ట్యాబ్ అని ఊదరగొట్టారు. తీరా చూస్తే వేలితో గట్టిగా నొక్కితే గానీ పలకని రెసిస్టివ్ స్క్రీన్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. తమాషా ఏంటంటే సిమ్ గొడవ అప్పుడూ ఉంది. పిల్లలకిచ్చిన ఆకాశ్‌లో వైఫై మాత్రమే. బజార్లో అమ్మడానికి తెచ్చిన యూబీస్లేట్‌కి జీపీఆర్‌ఎస్ సిమ్ పెట్టారు!

జియోఫోన్ నెక్స్ట్ కథ ఇంకా దగ్గరిది. 2021 జూన్ 24న ప్రకటించి వినాయక చవితికి తెస్తామన్నారు. ఎంత చవగ్గా ఉంటుందోనని చాలామంది ఎదురుచూశారు. చిప్‌ల కొరతతో పండగ మారి దీపావళికి వచ్చింది. ధర రూ.6,499. అప్పటికే ఆ డబ్బుకు మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లు దొరుకుతున్నాయి. పిల్లలు ఆన్‌లైన్ క్లాసులు వింటున్న రోజుల్లో నాలుగున్నర నెలలు పోయాయి.

ఆగినందుకు ఫలితం దక్కిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. 2015 ఆగస్టు 10న వైజాగ్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, షావోమీ నుంచి హ్యూగో బర్రా కలిసి రెడ్‌మీ 2 ప్రైమ్ విడుదల చేశారు. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ తయారుచేసిన ఫోన్, 2 జీబీ ర్యామ్, రూ.6,999. ధర, స్పెసిఫికేషన్లు అన్నీ స్టేజీ మీదే తేలిపోయాయి. చెప్పినదానికి చేతికొచ్చినదానికి తేడా లేదు. అలాంటి లాంచ్ కోసం రెండు వారాలు ఆగినా నష్టం లేదు.

అప్పట్లో ఆగడానికి ఒక బలమైన కారణం కూడా ఉండేది. కొత్తది రాగానే పాతది తగ్గుతుంది. ఈ సూత్రం మీద పదేళ్లు సలహాలిచ్చాం. ఇప్పుడది అంత గట్టిది కాదు. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధర పెరుగుతోంది. కారణం ఏఐ డేటా సెంటర్లు. చిప్ కంపెనీలు లాభం ఎక్కువొచ్చే సర్వర్ మెమరీ వైపు మళ్లాయి. మైక్రాన్ అయితే మామూలు వినియోగదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఫోన్ల ధరలు పెరగక తప్పదని షావోమీ లాంటి కంపెనీలే బాహాటంగా చెప్పాయి. ఈ దెబ్బ ముందు తగిలేది చవక ఫోన్లకి, చవక ట్యాబ్‌లకే, ఎందుకంటే వాటి ఖర్చులో మెమరీ వాటా ఎక్కువ, లాభం తక్కువ. అన్నట్టు, గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో వైజాగ్‌కి తెస్తున్న ఏఐ హబ్‌లో ఒక క్యాంపస్ మా అనకాపల్లి జిల్లా రాంబిల్లిలోనే. జిల్లాకి ఉద్యోగాలొస్తే సంతోషమే, మా ట్యాబ్‌ల ర్యామ్ కూడా అటే పోతోందేమోనని చిన్న అనుమానం!

పన్ను తగ్గుతుందని ఆగినవాళ్ల సంగతీ చూశాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది, పెద్ద టీవీలు 28 శాతం నుంచి 18కి దిగాయి. ఫోన్లు, ట్యాబ్‌లు అదే 18 శాతం దగ్గర ఉండిపోయాయి.

అయితే ఎవరూ ఆగొద్దని నేననడం లేదు. చేతిలో పనిచేసే ఫోన్ ఉండి, లక్ష రూపాయల ఫ్లాగ్‌షిప్ కొనేవాళ్లు హాయిగా ఆగండి. ఆ నెల రోజుల్లో మీకు పోయేదేమీ లేదు, లీకులు చదివే సరదా మిగులుతుంది. గెలాక్సీ ఎస్24, పిక్సెల్ 8 దగ్గర్నుంచి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామంటున్నారు కాబట్టి తొందరపడి మార్చాల్సిన అవసరం కూడా తగ్గింది. తేదీ, ధర ప్రకటించి, సిమ్ మోడల్ అదే రోజు అమ్ముతామని చెప్పిన ట్యాబ్ అయితే దానికీ ఆగొచ్చు. కానీ "వచ్చే క్వార్టర్‌లో రావచ్చు", "ఎల్‌టీఈ వేరియంట్ తర్వాత ప్రకటించే అవకాశం ఉంది" లాంటి వాక్యాలు నమ్మి పరీక్ష రాసేవాళ్లు ఆగకూడదు. నోటిఫికేషన్ ఎవరి లాంచ్ కోసమూ ఆగదు. 2025లో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ ఏప్రిల్ 20న వచ్చింది, 16,347 పోస్టులు, జూన్‌లో పరీక్షలు మొదలైపోయాయి. మధ్యలో దొరికింది నెలన్నర.

సర్వీస్ గురించి ఒక్క మాట. మా ఊళ్లో టెంపర్డ్ గ్లాస్ వేస్తారు, చార్జింగ్ పోర్ట్ శుభ్రం చేస్తారు. డిస్‌ప్లే పోతే నర్సీపట్నం, కంపెనీ సర్వీస్ సెంటరే కావాలంటే వైజాగ్, రానూపోనూ ఒక రోజు, ఒక రోజు కూలి. కొత్తగా వచ్చిన మోడల్‌కి మొదటి నెలల్లో స్పేర్ స్క్రీన్ దొరకడం ఎక్కడైనా కష్టమే. ఆరు నెలల పాత మోడల్‌కి ఆ బెడద తక్కువ, పౌచ్‌లు కూడా ఈజీగా దొరుకుతాయి. లీకుల్లో ఈ కాలమ్ ఎప్పుడూ కనిపించదు.

ఆ అమ్మాయి నాన్నగారికి నేను చెప్పింది ఇది: 11 అంగుళాల స్క్రీన్, సిమ్ పట్టేది, 6 జీబీ ర్యామ్‌కి తగ్గనిది, బిల్లుతో సహా ఈ వారమే తీసుకోండి, మిగిలిన డబ్బుతో ఒక మంచి కవర్, మూడు నెలల డేటా వేయించండి. కంపెనీ ఏదైనా పర్వాలేదన్నాను. ఆయన కొంచెం నిరాశపడ్డారు, ఏదో ఒక కంపెనీ పేరు చెబుతానని అనుకున్నారు.

ఇక లీకులు రాసే మా సోదరులకి ఒక మనవి. వచ్చే ట్యాబ్ గురించి రాసేటప్పుడు చిప్ పేరు తర్వాత, రంగుల కన్నా ముందు, సిమ్ ఉందో లేదో ఒక లైన్ రాయండి. తెలియకపోతే ఇంకా తెలియలేదని రాయండి.