మచ్చలేని గోధుమ మీద మోజు

తుప్పు తెగులును తట్టుకునే శక్తి గోధుమలో మెండెల్ చెప్పిన లెక్క ప్రకారమే తరం నుంచి తరానికి దిగుతుందని 1905లో కేంబ్రిడ్జిలో శాస్త్రవేత్త రోలాండ్ బిఫెన్ చూపించాడు. తెగులు సోకే రకాన్నీ, తట్టుకునే రకాన్నీ సంకరం చేస్తే రెండో తరంలో దాదాపు నాలుగో వంతు మొక్కలు పసుపు తుప్పుకు లొంగలేదు. ఒక్క జన్యువు దొరికితే చేనంతా భద్రమన్న ధీమాకు అది పునాది. ఆ ధీమాతోనే ఒక్కో బలమైన జన్యువును ఒంటరిగా పొలంలోకి దింపుతూ వచ్చాం. ఆ పద్ధతి మానుకోవాలి.

ఎందుకంటే బలమైన జన్యువు, తుప్పు తెచ్చే శిలీంధ్రం విడుదల చేసే ఏదో ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టి మొక్కను అప్రమత్తం చేస్తుంది. శిలీంధ్రం ఆ ఒక్క ప్రోటీన్‌ను మార్చుకుంటే చాలు, కాపలా గుడ్డిదవుతుంది. రై పంట నుంచి గోధుమలోకి తెచ్చిన ఎస్ఆర్31 అనే జన్యువు దశాబ్దాల పాటు ఎన్నో దేశాల్లో కాండం తుప్పును ఆపింది. 1998లో ఉగాండాలో దాన్ని దాటేసిన తెగులు కనిపించింది. దాన్నే యూజీ99 అంటున్నారు. మన వాయవ్య రాష్ట్రాల్లో లక్షల ఎకరాల్లో వేసిన పీబీడబ్ల్యూ 343 అనే గోధుమ రకానిదీ అదే కథ, అక్కడ దెబ్బతీసింది పసుపు తుప్పు. ఒకే రకం అంత మేర పరుచుకున్నప్పుడు గాలికి ఎగిరే సిద్ధబీజాలకు అడ్డేముంది?

ఎల్ఆర్34 అనే జన్యువు తీరు వేరు. ఎదిగిన మొక్కలో తెగులును పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుంది. ఆకు తుప్పు, పసుపు తుప్పు, కాండం తుప్పు, బూడిద తెగులు అన్నిటి మీదా అంతో ఇంతో పనిచేస్తుంది. 2009లో విడదీసి చూస్తే, కణంలో పదార్థాలను చేరవేసే ప్రోటీన్‌కు చెందిన జన్యువని తేలింది. శత్రువును గుర్తుపట్టే రకం కాదు కాబట్టే ఇన్ని దశాబ్దాలైనా చెక్కుచెదరలేదని నా నమ్మకం. దానితో చేనులో కాసిన్ని మచ్చలు మిగులుతాయి, రైతు ఎందుకు ఒప్పుకోవాలని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తెగులు ఉద్ధృతంగా ఉన్నచోట అదొక్కటే చాలదు కూడా. అయితే ఇలాంటి నాలుగైదు జన్యువులు ఒకే మొక్కలో కలిస్తే చేను దాదాపు శుభ్రంగానే నిలుస్తుందని మెక్సికోలోని అంతర్జాతీయ గోధుమ, మొక్కజొన్న పరిశోధన కేంద్రం సిమిట్ పరిశోధనలు చూపించాయి. అన్నిటినీ ఒకచోట చేర్చడం కష్టమన్న మాటా పాతబడుతోంది. ఏ మొక్కలో ఏ జన్యువుందో డీఎన్‌ఏ గుర్తులతో మొలక దశలోనే తెలుస్తోంది.

మందు చల్లితే సరిపోదా అంటే, ఏటా ఆ ఖర్చు మోయలేని చిన్న రైతుకు విత్తనంలోనే ఉండే రక్షణ దిక్కు. బలమైన జన్యువులను పారేయమనడం లేదు. రెండు మూడిటిని జతగానే విడుదల చేయాలి. అందులో ఏ ఒక్కటీ మరో రకంలో ఒంటరిగా బయటికి రాకూడదు, వస్తే శిలీంధ్రం ఒక్కో తాళమే తీసుకుంటూ పోతుంది. రకాలకు అనుమతిచ్చే సంఘాలు పరీక్ష మడిలో ఆ ఏడాది ఆకు మీద మచ్చ ఉందా లేదా అన్నదానితో పాటు, ఆ రక్షణ ఎన్ని జన్యువుల మీద నిలిచి ఉందో కూడా అడగాలి.