కేకులో ఏం వేశారో చెప్పండి

డిసెంబరు వచ్చిందంటే ఇంట్లో కేకులు చేసి అమ్మేవాళ్లకు తప్పని ప్రశ్న ఒకటుంది: "ఇందులో రమ్ వేశారాండీ?" వాళ్ల జవాబూ తరచూ ఒకటే: "వేసినా ఓవెన్‌లో అంతా ఆవిరైపోతుందండీ." నమ్మే చెబుతారు. కానీ అది నిజం కాదు.

ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. అయినా నీళ్లలో, పిండిలో కలిసిపోయాక అంత తేలిగ్గా వదలదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం వంటకంలో కలిపి అరగంట వండితే 35 శాతం, గంట వండితే 25 శాతం మిగిలే ఉంటుంది. రెండున్నర గంటలకు కూడా 5 శాతం ఉంటుంది.

మన కిలో కేకు లెక్క చూద్దాం. కిస్మిస్, ఖర్జూరం, టూటీఫ్రూటీ 100 మిల్లీలీటర్ల రమ్‌లో నానబెట్టారనుకోండి. ఇక్కడ దొరికే రమ్‌లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్. గంట బేక్ చేశాక కూడా కేకులో పది మిల్లీలీటర్లకు పైనే ఉంటుంది. చల్లారాక పైన చిలకరించే రమ్ సంగతి వేరే చెప్పాలా! అదే 35 శాతం ఆల్కహాల్ ఉన్న రమ్ ఎక్స్‌ట్రాక్ట్ ఒక టీస్పూన్ వేస్తే, చివరికి కేకు మొత్తంలో అర మిల్లీలీటరు కూడా మిగలదు. ప్రొపిలీన్ గ్లైకాల్‌లో కలిపిన ఎసెన్స్ అయితే ఆ కాస్తా ఉండదు. సీసా మీద 1520 అన్న సంఖ్య కనిపిస్తే అదే.

అందుకే "ఎసెన్స్ కేకు" అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. రమ్ అనగానే మన ముక్కు పట్టే పండ్ల వాసనలో ఇథైల్ బ్యూటిరేట్ లాంటి ఎస్టర్లకు పెద్ద వాటా ఉంది. ఎసెన్స్ ఇచ్చేదీ ఆ కోవ వాసనే. దానికి లేనిది లోతు. ఆ లోతు మాడ్చిన పంచదార ఇస్తుంది. మందపాటి గిన్నెలో పంచదార కరిగి, తేనె రంగు దాటి, ముదురు గోధుమ రంగుకొచ్చి, సన్నగా పొగ లేవగానే వేడినీళ్లు పోయాలి. చిందుతుంది, చేయి దూరంగా పెట్టండి. ఆ చిరుచేదు పాకం, కమలారసంలో రాత్రంతా నానిన కిస్మిస్, దాల్చిన చెక్క, లవంగం పడ్డాక కేకు రుచే మారిపోతుంది. ఎసెన్స్ మాత్రం వేడి పాకంలో వేయకండి, ఆవిరితో పాటే పోతుంది. వెన్నలో కలపండి, కొవ్వు వాసనను పట్టి ఉంచుతుంది. కొలత మించితే నెయిల్ పాలిష్ వాసనే!

ఉన్నదాంతో సర్దుకోవడం మన కేకుకు కొత్త కాదు. 1883లో కేరళలోని తలచేరిలో మాంబళ్లి బాపు అనే బేకరీ యజమాని ఒక ఇంగ్లిష్ దొర కోసం క్రిస్మస్ కేకు చేస్తూ, ఫ్రెంచ్ బ్రాందీకి బదులు జీడిమామిడి పండు, అరటిపండుతో చేసిన స్థానిక సారా వాడాడని చెబుతారు.

నా పేచీ ఎసెన్స్‌తో కాదు, చెప్పకపోవడంతో. గుమ్మంలోకి మందు రానివ్వని క్రైస్తవ కుటుంబాలు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎన్నో. కేకు పంచుకునే ముస్లిం ఇరుగుపొరుగూ ఉంటారు. ఎక్స్‌ట్రాక్ట్‌లోని ఆల్కహాల్ కూడా వద్దనుకునేవాళ్లు వాళ్లలో ఉన్నారు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వాడేవాళ్లకు తిండిలోని కొద్దిపాటి ఆల్కహాల్‌తో కూడా ముఖం ఎర్రబారి, గుండెదడ, వాంతులు రావచ్చు. వీళ్లెవరికీ "ఆవిరైపోతుంది" అన్నది జవాబు కాదు.

పెట్టె మీద ఒక్క మాట రాస్తే సరిపోతుంది: రమ్ వేశాం, లేదా ఆల్కహాల్ ఉన్న ఎక్స్‌ట్రాక్ట్ వేశాం, లేదా ఆల్కహాల్ లేని ఎసెన్స్ వేశాం. బేకరీలూ ఇదే చేయాలి. తాగుడు మానేసిన మనిషి ఉన్న ఇంటికి పంపేటప్పుడు మాత్రం ఎసెన్స్ కూడా వద్దు. ఆ వాసన చాలు, మళ్లీ మనసు లాగడానికి. ఆ ఇంటికి కమలారసం, మాడ్చిన పంచదారతోనే చేసి పంపండి.