చలి మొదలవ్వాల్సింది చెరువు గట్టున

విశాఖ కంటైనర్ టెర్మినల్ యార్డులో పేర్చిన పెట్టెల్లో కొన్ని పగలూ రాత్రీ హోరుమంటూనే ఉంటాయి. ఒక చివర ఫ్యాను, కంప్రెసరు, చిన్న తెర మీద మైనస్ 18 అనో మైనస్ 20 అనో అంకె. రేవులో వాటిని రీఫర్లంటారు. వాటిలో ఎక్కువగా వెళ్లేది గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లో పెరిగిన రొయ్య. 2024-25లో దేశం నుంచి ఎగుమతైన సముద్ర ఉత్పత్తుల విలువ 62 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో 43 వేల కోట్లకు పైగా గడ్డకట్టించిన రొయ్యదే. ఆ రొయ్యలోనూ సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది.

ఇంత వ్యాపారాన్ని మోస్తున్న ఆ పెట్టె గురించి రేవు బయట చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రీఫర్ సరుకును గడ్డకట్టించదు. ప్రాసెసింగ్ ప్లాంటులో అప్పటికే గడ్డకట్టిన సరుకును అదే చలిలో నిలబెడుతుంది, అంతే.

దాని పనితీరు చూస్తే కారణం అర్థమవుతుంది. చల్లగాలి కింద నేలలోని గాడుల గుండా వెళ్లి, అట్టపెట్టెల మధ్య నుంచి పైకి లేచి, కప్పు కింద నుంచి మళ్లీ యంత్రంలోకి చేరుతుంది. గోడల నుంచి లోపలికి దిగే వేడిని ఆ గాలి ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది. సరుకు లోపల ఉండిపోయిన వేడిని లాగేసే సత్తా ఆ యంత్రానికి పెద్దగా లేదు. మైనస్ 12 దగ్గర ఉన్న రొయ్యను ఎక్కించి తలుపు మూస్తే, తెర మీద మైనస్ 18 కనిపిస్తున్నా నడిమధ్య పెట్టెలు రోజుల తరబడి ఆ అంకెకు చేరవు. గోడ మీది ఎర్రగీత దాటి సరుకు పేరిస్తే గాలి తిరగడానికి దారే ఉండదు.

గాలి తిరగకపోతే ఏమవుతుందో 1882లోనే ఒక కెప్టెన్ ప్రాణం మీదికి తెచ్చుకుని తెలుసుకున్నాడు. ఆ ఏడాది ఫిబ్రవరి 15న న్యూజిలాండ్‌లోని పోర్ట్ చామర్స్ నుంచి డునెడిన్ అనే తెరచాప ఓడ సుమారు 5 వేల గొర్రె, గొర్రెపిల్ల మాంసాలతో లండన్‌కు బయలుదేరింది. తెరచాపలతో నడిచే ఓడలో బొగ్గుతో నడిచే శీతల యంత్రం. పొగగొట్టం నుంచి ఎగిసే నిప్పురవ్వలకు తెరచాపలు ఎప్పుడు అంటుకుంటాయోనని సిబ్బంది భయం. ఉష్ణమండలం చేరేసరికి అడుగు గదిలో చల్లగాలి సరిగా తిరగడం లేదని తేలింది. కెప్టెన్ విట్సన్ గాలిగొట్టంలోకి పాక్కుంటూ వెళ్లి, రంపంతో కొత్త కంతలు కోశాడు. ఆ చలికి అక్కడే కొయ్యబారిపోతే, సహచరుడు తాడు కట్టి కాళ్లు పట్టి బయటికి లాగాడు. 98 రోజుల తర్వాత లండన్‌లో సరుకు దింపితే, పనికిరాదని పారేసింది ఒక్క గొర్రె మాంసమే.

న్యూజిలాండ్ వాళ్లు ఈ కథను గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. అయితే దీనిలో మనకు పనికొచ్చే భాగం ఓడ ఎక్కకముందే ఉంది. ఓమరు దగ్గర టోటరా ఎస్టేట్‌లో ఈ పని కోసమే కబేళా కట్టారు. మాంసాన్ని అక్కడే చల్లారబెట్టి, ఐసు పెట్టిన రైలు పెట్టెల్లో రేవుకు పంపారు. సముద్రం మీద యంత్రం ఎలా పనిచేస్తుందో ఎవరికీ నమ్మకం లేని కాలంలో, నేల మీద తమ చేతిలో ఉన్న పని మాత్రం పక్కాగా చేశారు.

మన దగ్గర పరిస్థితి దీనికి తలకిందులు. సముద్రం మీద చలికి ఢోకా లేదు. ఓడ సొంత కరెంటు ఇస్తుంది, యంత్రం ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసుకుంటుంది, లెక్క తప్పితే సిబ్బందికి తెలిసిపోతుంది. చలి తెగేది చెరువుకూ ప్లాంటుకూ మధ్య ఉన్న కొన్ని గంటల్లో.

పట్టుబడి రోజు గట్టు మీద నిలబడి చూస్తే ఆ గంటల విలువ తెలుస్తుంది. తెల్లవారుజామున వల లాగుతారు. రొయ్యను ట్రేల్లోకి ఎత్తి, కౌంటు కట్టి, అంటే కిలోకు ఎన్ని తూగుతాయో చూసి, ధర తేలుస్తారు. బేరం సాగినంతసేపూ ఎండెక్కుతూనే ఉంటుంది. చచ్చిన రొయ్య వెంటనే పాడవడం మొదలుపెడుతుంది. ముందు తల దగ్గర నల్లమచ్చ వస్తుంది. దాన్ని అదుపు చేసేది సరిపడా ఐసు. రొయ్య ఎంత బరువుంటే ఐసూ అంత బరువు ఉండాలన్నది పాత లెక్క. మే నెలలో, బండి దూరం వెళ్లాల్సినప్పుడు అదీ చాలదు. ఐసు దిమ్మ ఖరీదు చూసి ఎక్కడ చెయ్యి బిగిస్తారో, నాణ్యత జారేదీ అక్కడే. తర్వాత ప్లాంటులో మైనస్ 40 దగ్గర గడ్డకట్టించినా జారిపోయిన తాజాదనం తిరిగి రాదు.

అనంతపురం అరటి ఇదే పాఠాన్ని మరోలా చెబుతుంది. 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి 43 రీఫర్ కంటైనర్లలో 980 టన్నుల అరటితో ఒక రైలు ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు బయలుదేరింది. అక్కడి నుంచి ఓడలో ఇరాన్‌కు. అరటికి మైనస్‌లు పనికిరావు. 13, 14 డిగ్రీలు కావాలి. అంతకన్నా చల్లబడితే తొక్క బూడిదరంగుకు తిరిగి, పండు సరిగా మాగదు. వేడెక్కితే ఓడలోనే మాగిపోతుంది. గెలను పచ్చిగా కోసి, హస్తాలు విడదీసి, కడిగి, అట్టపెట్టెల్లో సర్ది, ముందుగా చల్లార్చిన తర్వాతే రీఫర్ ఎక్కించాలి. కరువు సీమ పండు సముద్రం దాటిందంటే తోట దగ్గర ఈ పని జరిగినందువల్లే. ఈ పని చేసే ప్యాక్‌హౌస్ ఉన్న మండలం రైతుకు ఎగుమతి ధర, లేని మండలం రైతుకు లారీ ధర అనే తేడా మాత్రం ఇంకా పోలేదు. పక్కపక్క తోటల్లో ఒకే రకం అరటి పండించే ఇద్దరికి ఇది న్యాయం కాదు.

దారి పొడవు పెరిగేకొద్దీ మొదటి గంటల పొరపాటు ఖరీదవుతుంది. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో ఓడల మీద హౌతీల దాడులు మొదలయ్యాక, యూరప్‌కు వెళ్లే ఓడలు ఆఫ్రికాను చుట్టి వెళ్లాల్సి వచ్చింది. ప్రయాణం దాదాపు రెండు వారాలు పెరిగింది. బాగా గడ్డకట్టిన రొయ్యకు అదొక లెక్క కాదు. పండుకు మాత్రం ఆ రెండు వారాలు జీవన్మరణ సమస్య. ఇప్పుడు మైనస్ 18 బదులు మైనస్ 15 చాలదా, బోలెడు ఇంధనం మిగులుతుంది కదా అన్న చర్చ కూడా నడుస్తోంది. 2023లో దుబాయ్ వాతావరణ సదస్సు వేళ దానికోసం ఒక కూటమే ఏర్పడింది. మంచి ఆలోచనే. ఆ మూడు డిగ్రీలు వదులుకోవాలంటే సరుకు బయలుదేరే చోట మరింత కట్టుదిట్టం కావాలి.

విదేశాల్లో తిరస్కరించే రొయ్యంతా చలి తప్పడం వల్ల పోతోందని అనలేం. యాంటీబయాటిక్ అవశేషాలది అందులో పెద్ద వాటా. దానికి వేరే మందు వేయాలి. కానీ చలి విషయంలో రైతుకు జరిగే అన్యాయం ప్రత్యేకమైంది. ప్లాంటులో సరుకు మెత్తబడిందని ధరలో కోత పెడితే, చలి ఎక్కడ తెగిందో చెప్పే కాగితం అతని దగ్గర ఉండదు. ఓడలో ప్రతి పెట్టెకూ ఉష్ణోగ్రత రికార్డు ఉంది. చెరువు నుంచి ప్లాంటుకు వెళ్లే వ్యానుకు ఎందుకు ఉండకూడదు?

ఆక్వా జోన్లలో ఏరేటర్ల కోసం ప్రభుత్వం రాయితీ కరెంటు ఇస్తోంది. రొయ్యను బతికించే ఆ ఖర్చుకు, చచ్చిన రొయ్యను కాపాడే ఖర్చునూ జోడించాలి. చెరువుల గుంపులకు దగ్గరగా మంచినీటితో ఐసు చేసే ప్లాంట్లకు అదే రాయితీ వర్తింపజేయాలి. ఐసునీళ్లలో చేతులు ముంచి గంటల కొద్దీ నిలబడి రొయ్య ఒలిచే ఆడవాళ్లకు మంచి గ్లౌజులు, విరామం, తగిన కూలి ఇవ్వడమూ ఈ ఖర్చులో భాగమే. ఎగుమతి సరుకు నాణ్యతకు మొదట కాపలా కాసేది వాళ్ల చేతులే. ఇక వ్యాను ఎక్కించేటప్పుడు కౌంటు, తూకం రాసే చీటీ మీదే రొయ్య ఉష్ణోగ్రత, వేసిన ఐసు బరువు, బండి కదిలిన వేళ కూడా రాసి ఒక ప్రతి రైతుకు ఇవ్వాలి. కోత పెట్టిన రోజున అడగడానికి అతని చేతిలో అదైనా ఉంటుంది.